లా స్పెజియాలో ఓడ దిగి చింక్వే తెర్రె గ్రామాలను సొంతంగా చూడటం: తరచుగా అడిగే ప్రశ్నలు

మధ్యధరా సముద్రంలో తిరిగే క్రూయిజ్ ఓడల్లో కొన్ని ఇటలీ వాయవ్య తీరంలోని లా స్పెజియా రేవులో ఒక పగలు ఆగుతాయి. ఆ రేవుకు పడమరగా, కొండకూ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న ఐదు చిన్న గ్రామాలే చింక్వే తెర్రె. ఓడవారి టూరు కొనకుండా, రైలెక్కి వెళ్లి చూసి, ఓడ కదిలేలోపు తిరిగి రావాలనుకునేవారి కోసం ఈ జవాబులు రాశాము. రైళ్ల వేళలు, టిక్కెట్ల ధరలు ఏటా మారుతుంటాయి కనుక, ప్రయాణానికి ముందు ఇటలీ రైల్వే సంస్థ ట్రెనిటాలియా వెబ్‌సైటునూ, చింక్వే తెర్రె జాతీయ పార్కు వెబ్‌సైటునూ ఒకసారి చూసుకోవడం అవసరం.

సొంతంగా వెళ్లడం మేలా, ఓడవారి టూరు మేలా?

లా స్పెజియా వరకైతే సొంతంగా వెళ్లడమే మేలని మా అభిప్రాయం. రేవు ఊరిలోనే ఉంది, రైల్వే స్టేషన్ నడిచి వెళ్లగలిగినంత దూరంలోనే ఉంది, అక్కడి నుంచి మొదటి గ్రామానికి రైలు ప్రయాణం పది నిమిషాలు కూడా పట్టదు. గ్రామాల్లోకి పెద్ద టూరు బస్సులు వెళ్లలేవు కనుక ఓడవారు తీసుకెళ్లే బృందాలు కూడా చివరికి అదే రైలో, అదే పడవో ఎక్కుతాయి. అయితే టూరుకు ఒక్క విషయంలో నిజమైన విలువ ఉంది. ఓడవారి టూరులో వెళ్లినవారు ఆలస్యమైతే సాధారణంగా ఓడ వేచి ఉంటుంది, లేదా వారిని తర్వాతి రేవుకు చేర్చే బాధ్యత ఓడ సంస్థ తీసుకుంటుంది. సొంతంగా వెళ్లినవారి విషయంలో ఆ బాధ్యత పూర్తిగా వారిదే. రైలు వేళలు చూసుకోవడమంటే ఆందోళనపడేవారు, నడవలేని పెద్దలను వెంట తీసుకెళ్లేవారు డబ్బు ఎక్కువైనా టూరు తీసుకోవడంలో తప్పులేదు.

ఓడ నుంచి రైల్వే స్టేషన్‌కు ఎలా వెళ్లాలి?

ఓడలు ఆగే రేవుకట్ట మీద సరుకుల వాహనాలు తిరుగుతుంటాయి కనుక అక్కడ ప్రయాణికులను నడవనివ్వరు. ఓడ పక్కనుంచి రేవు గేటు వరకు షటిల్ బస్సు తీసుకెళుతుంది. గేటు దాటితే సముద్రతీరపు ఉద్యానం వస్తుంది. అక్కడి నుంచి వాహనాలు తిరగని వియా దెల్ ప్రియోనె అనే వీధి గుండా లా స్పెజియా చెంత్రాలె స్టేషన్‌కు నడవడానికి దాదాపు అరగంట పడుతుంది. చివర్లో కొంచెం ఎత్తెక్కాలి. నడవలేనివారికి గేటు దగ్గర టాక్సీలు దొరుకుతాయి. ఒకేసారి రెండు మూడు ఓడలు రేవులో ఉన్న రోజున షటిల్ కోసం క్యూ పెద్దదిగా ఉంటుంది కనుక, అల్పాహారం త్వరగా ముగించి మొదట దిగేవారిలో ఉండటం వల్ల మిగిలే సమయం చిన్నదేమీ కాదు.

గ్రామాల్లో గడపడానికి నిజంగా ఎంత సమయం మిగులుతుంది?

ఓడ ఉదయం 8 గంటలకు ఆగి సాయంత్రం 6 గంటలకు బయలుదేరుతుందనుకుందాం. కాగితం మీద అది పది గంటలు. కానీ దిగడానికి అనుమతి రావడం, షటిల్, నడక, టిక్కెట్టు, రైలు అన్నీ కలిపితే చివరి గ్రామమైన మొంతెరోస్సోలో అడుగుపెట్టేసరికి పది అవుతుంది. ఓడ ఎక్కడానికి గడువు బయలుదేరే వేళకు అరగంట ముందే, కొన్నిసార్లు ఇంకా ముందే ముగుస్తుంది. ఆ గడువుకు కనీసం గంటన్నర ముందు లా స్పెజియా స్టేషన్‌లో ఉండాలన్న నియమం పెట్టుకుంటే, మధ్యాహ్నం మూడున్నరకు గ్రామం వదలాలి. అంటే చేతిలో ఉన్నది ఐదున్నర గంటలే. పథకం ఈ ఐదున్నర గంటలకు వేసుకోవాలి తప్ప ఆ పది గంటలకు కాదు. ఓడ గడియారం స్థానిక సమయంతో సరిపోతోందో లేదో దిగే ముందు తప్పక చూసుకోవాలి. కొన్ని ప్రయాణాల్లో ఓడ సమయాన్ని మార్చకుండా ఉంచుతారు, చేతిలోని ఫోను మాత్రం తనంతట తానే స్థానిక సమయానికి మారిపోతుంది.

ఐదు గ్రామాలూ ఒక్క రోజులో చూడవచ్చా?

చూడవచ్చు, కానీ చూసినట్టు ఉండదు. ఐదింటిలోనూ దిగి ఎక్కేవారు రోజులో ఎక్కువ భాగం ప్లాట్‌ఫాంల మీదే గడుపుతారు. గ్రామానికీ గ్రామానికీ మధ్య రైలు ప్రయాణం మూడు నాలుగు నిమిషాలే అయినా, స్టేషన్ నుంచి ఊరిలోకి వెళ్లడం, తిరిగి రావడం, రద్దీలో రైలు కోసం నిలబడటం కలిపితే ప్రతి మజిలీకీ దాదాపు గంట ఖర్చవుతుంది. రెండు గ్రామాలు నిదానంగా, ఓపిక ఉంటే మూడోది కొద్దిసేపు చూడటం సరైన లెక్క.

ఇంతకంటే ముఖ్యమైనది చూసే క్రమం. లా స్పెజియా నుంచి వెళితే రియోమజ్జోరె, మనరోలా, కోర్నీలియా, వెర్నాజ్జా, మొంతెరోస్సో వరుసగా వస్తాయి. ఓడ దిగినవారిలో ఎక్కువమంది మొదట వచ్చిన రియోమజ్జోరెలోనే దిగి, ఒక్కొక్కటే చూసుకుంటూ దూరంగా పోతారు. సాయంత్రమయ్యేసరికి వారు ఓడకు అన్నిటికంటే దూరంగా, అలసిపోయి, కిక్కిరిసిన రైలు కోసం ఎదురుచూస్తూ ఉంటారు. దీనికి సరిగ్గా విరుద్ధంగా చేయాలి. ఉదయమే నేరుగా మొంతెరోస్సోకో వెర్నాజ్జాకో వెళ్లిపోయి, గంటలు గడిచేకొద్దీ లా స్పెజియా వైపు జరుగుతూ రావాలి. అప్పుడు ఏదైనా రైలు రద్దయినా, మీరు రేవుకు ఒకటి రెండు స్టేషన్ల దూరంలోనే ఉంటారు.

ఏ గ్రామాలను ఎంచుకోవాలి?

ఒక్కటే చూడగలిగితే వెర్నాజ్జాను చూడండి. రైలు దిగగానే ఊరి ప్రధాన వీధి. ఆ వీధి చివర చిన్న చౌకు, చౌకును ఆనుకునే పడవల రేవు, నీటి అంచున 14వ శతాబ్దం నాటి సాంత మార్గెరీత చర్చి, పైన దోరియా కోట బురుజు. 2011 అక్టోబర్ 25న కుండపోత వానకు కొండచరియలు జారి ఈ ప్రధాన వీధి అంతా బురదలో కూరుకుపోయింది. మొంతెరోస్సో కూడా ఆ రోజే దెబ్బతిన్నది. నేడు చూసేవారికి ఆ ఆనవాళ్లు దాదాపు కనిపించవు.

మనరోలా ఫొటోల గ్రామం. పోస్టుకార్డుల మీద కనిపించే రంగురంగుల ఇళ్ల దృశ్యం రేవు పక్కనుంచి పుంత బోన్‌ఫిల్యో అనే కొండకొమ్ము వైపు కొద్ది నిమిషాలు నడిస్తే ఎదురవుతుంది. రియోమజ్జోరె నిటారుగా దిగే ఊరు. స్టేషన్ నుంచి సొరంగ మార్గంలో నడిచి ఊరిలోకి చేరాలి. లా స్పెజియాకు అన్నిటికంటే దగ్గరిది కనుక రోజు చివర్లో పెట్టుకోవడానికి బాగుంటుంది. మొంతెరోస్సో ఐదింటిలో పెద్దది, ఇసుక తీరం ఉన్నది. 1975లో నోబెల్ సాహిత్య పురస్కారం పొందిన కవి ఎవుజేనియో మొంతాలె బాల్యంలో వేసవులు గడిపిన ఇల్లు ఇక్కడే ఉంది.

కోర్నీలియా ఒక్కటే సముద్రానికి వంద మీటర్ల ఎత్తున కొండ మీద ఉంది. స్టేషన్ మాత్రం కిందే. ఊరు చేరడానికి దాదాపు 380 మెట్లు ఎక్కాలి, లేదా చిన్న బస్సు కోసం వేచి ఉండాలి. జనం తక్కువగా ఉండే ఊరు ఇదే. అయినా ఓడ ప్రయాణికులు దీనిని వదిలేయడమే మంచిది.

విడి టిక్కెట్లు కొనాలా, చింక్వే తెర్రె కార్డు కొనాలా?

మార్చి మధ్య నుంచి నవంబర్ మొదటి వరకు లా స్పెజియాకూ, మొంతెరోస్సో దాటాక వచ్చే లెవాంతో ఊరికీ మధ్య చింక్వే తెర్రె ఎక్స్‌ప్రెస్ పేరుతో ప్రత్యేక రైళ్లు తరచుగా నడుస్తాయి. ఆ కాలంలో దూరంతో నిమిత్తం లేకుండా ఒక్కసారి ఎక్కితే ఒకటే ధర. పక్క గ్రామంలో దిగినా, చివరి గ్రామంలో దిగినా ఒకే మొత్తం చెల్లించాలి. రద్దీ రోజుల్లో ధర ఎక్కువ, మామూలు రోజుల్లో తక్కువ. రోజంతా ఎన్నిసార్లయినా ఎక్కి దిగడానికి చింక్వే తెర్రె ట్రెనో కార్డు ఉంది. అందులో రైలుతోపాటు పార్కు కాలిబాటల రుసుము, గ్రామాల చిన్న బస్సులు, స్టేషన్లలోని మరుగుదొడ్లు కూడా కలిసి ఉంటాయి. దాని ధర కూడా తేదీని బట్టి మారుతుంది.

రెండుసార్లే రైలెక్కేవారికి, అంటే ఒక గ్రామానికి వెళ్లి వచ్చేవారికి, విడి టిక్కెట్లు చవక. మూడు నాలుగుసార్లు ఎక్కాలనో, రుసుము ఉన్న కాలిబాట నడవాలనో అనుకుంటే ఆ రోజు ధరలు పక్కపక్కన పెట్టి లెక్క వేసుకోండి. ఏది కొన్నా ముందురోజే ఆన్‌లైన్‌లో కొనడం మంచిది. ఓడలు ఆగిన ఉదయాన లా స్పెజియా స్టేషన్ టిక్కెట్ కౌంటర్ దగ్గర పోయే అరగంట, మనరోలాలో ప్రశాంతంగా కూర్చోగలిగిన అరగంటే.

రైలెక్కేటప్పుడు గుర్తుంచుకోవలసినవి ఏమిటి?

కాగితపు టిక్కెట్టును, కాగితపు కార్డును రైలెక్కే ముందు ప్లాట్‌ఫాం దగ్గరి యంత్రంలో పెట్టి తేదీ, సమయం ముద్ర వేయించుకోవాలి. ఫోనులో కొన్న టిక్కెట్టుకు చెక్-ఇన్ చేయాలి. ఇది మరచిపోతే టిక్కెట్టు కొన్నవారికి కూడా జరిమానా పడుతుంది, పర్యాటకులమని చెప్పినా తనిఖీ అధికారులు వదలరు. వేగంగా పోయే దూరప్రాంతపు రైళ్లు కూడా ఇదే మార్గంలో వెళతాయి కానీ ఈ ఐదు గ్రామాల్లో చాలావరకు ఆగవు కనుక, ఎక్కే ముందు తెర మీద మీ గ్రామం పేరు ఉందో లేదో చూడండి.

ఈ రైలు మార్గం 1874లో పూర్తయింది, దాదాపు అంతా కొండ సొరంగాల్లోనే సాగుతుంది. సముద్రం కిటికీలోంచి మెరుపులా కనిపించి మాయమవుతుంది. రియోమజ్జోరె, వెర్నాజ్జా స్టేషన్లలో ప్లాట్‌ఫాంలో కొంత భాగం సొరంగంలోనే ఉంటుంది. బోగీ చీకట్లో ఆగిందని, స్టేషన్ ఇంకా రాలేదని కూర్చుండిపోయి తర్వాతి ఊరిలో దిగేవారు ఉంటారు. సొరంగాల్లో ఫోను సిగ్నల్ పోతుంది కనుక టిక్కెట్టును ముందే ఫోనులో భద్రపరచుకోండి. కిక్కిరిసిన ప్లాట్‌ఫాంల మీద, రైలు తలుపుల దగ్గర జేబుదొంగల బెడద ఉంది.

పడవలో వెళ్లడం బాగుండదా?

చాలా బాగుంటుంది. కొండ అంచున పేర్చినట్టున్న ఇళ్లను, వాటి పైన మెట్లుమెట్లుగా ఎక్కే ద్రాక్షతోటలను, సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన ఆ తోటల గోడలను పూర్తిగా చూడాలంటే సముద్రం మీది నుంచే చూడాలి. వసంతం నుంచి శరత్తు వరకు నడిచే పడవలు లా స్పెజియా తీరపు ఉద్యానం దగ్గర బయలుదేరి, దగ్గరి తీరపు ఊరు పోర్టోవెనెరె మీదుగా నాలుగు గ్రామాలకు వెళతాయి. రేవు లేదు కనుక కోర్నీలియాలో ఆగవు. కానీ రైలు అరగంటలోపు చేర్చే మొంతెరోస్సోకు పడవ చాలా ఎక్కువ సమయం తీసుకుంటుంది. పైగా అలలు పెరిగితే ఎక్కువ ముందస్తు సమాచారం లేకుండానే పడవలు ఆపేస్తారు. అందుకే వెళ్లడానికి రైలు ఎక్కి, రెండు గ్రామాల మధ్య ఒక్క మజిలీకి పడవ తీసుకోండి. ఉదాహరణకు మొంతెరోస్సో నుంచి వెర్నాజ్జాకు. ఓడకు తిరిగివచ్చే చివరి ప్రయాణాన్ని మాత్రం పడవ మీద పెట్టుకోవద్దు.

గ్రామాల మధ్య నడవడం వీలవుతుందా?

వీలవుతుంది, కానీ ఒక్క భాగం మాత్రమే ఎంచుకోండి. గ్రామాలను కలిపే తీరపు కాలిబాటలో మొంతెరోస్సో, వెర్నాజ్జాల మధ్య భాగం దాదాపు మూడున్నర కి.మీ. ఉంటుంది. దూరం చూసి తేలిక అనుకోవద్దు. వందల మెట్లు, ఇద్దరు పక్కపక్కన నడవలేని ఇరుకు దారులు ఉండటం వల్ల దానికి రెండు గంటలు పడుతుంది. వెర్నాజ్జా, కోర్నీలియాల మధ్య భాగం కూడా దాదాపు అంతే సమయం తీసుకుంటుంది. ఈ రెండింటికీ పార్కు రుసుము ఉంది. కోర్నీలియా నుంచి మనరోలాకు తీరం వెంబడి పోయే దారి కొండచరియల వల్ల సంవత్సరాలుగా మూసి ఉంది. కొండ మీది వోలాస్త్రా ఊరి మీదుగా పోయే దారి అందమైనదే కానీ ఓడ రోజుకు తగినది కాదు.

మనరోలా, రియోమజ్జోరెల మధ్య కొండగోడకు చెక్కిన వియా దెల్లామోరె అనే చదునైన చిన్న దారిని 2012లో రాళ్లు విరిగిపడి కొందరు గాయపడిన తర్వాత మూసేశారు. మరమ్మతులు పూర్తయి 2024 వేసవిలో తిరిగి తెరిచారు. దీనికి విడిగా రుసుము ఉంది, నిర్ణీత సమయానికి ముందుగా బుక్ చేసుకోవాలి. నడక ఇరవై ముప్పై నిమిషాలే. మెట్లు ఎక్కలేనివారికి కూడా సముద్రం మీది నడక అనుభవాన్ని ఇచ్చేది ఇదొక్కటే. అయితే ఓడ ఆలస్యంగా ఆగితే బుక్ చేసిన వేళ దాటిపోవచ్చు కనుక ఉదయపు వేళను తీసుకోవద్దు.

కొండదారుల్లో చెప్పులతో, స్లిప్పర్లతో నడిస్తే పార్కు నిబంధనల ప్రకారం జరిమానా విధించవచ్చు. మూసి ఉన్న, పట్టు ఉన్న బూట్లు వేసుకోండి. వేసవి మధ్యాహ్నాల్లో ఈ దారుల్లో నీడ తక్కువ.

పెద్దవారితో, చిన్నపిల్లలతో వెళ్లవచ్చా?

మొంతెరోస్సోకు వెళ్లండి. స్టేషన్ దగ్గరే సముద్రతీరం వెంట చదునైన నడకదారి ఉంది. పాత ఊరికి సొరంగం గుండా మెట్లు లేకుండానే చేరవచ్చు. మిగతా గ్రామాల్లో వీధులంటే చాలావరకు మెట్లే. పిల్లల తోపుడు బండి కంటే భుజానికి కట్టుకునే సంచి నయం. వీల్‌చైర్ వాడేవారు స్టేషన్లలో లిఫ్టులు పనిచేస్తున్నాయో లేదో ముందే విచారించుకోవాలి.

శాకాహారులకు భోజనం దొరుకుతుందా?

ఇటలీలో శాకాహారులకు, చింక్వే తెర్రె ఉన్న ఈ లిగూరియా ప్రాంతం సులువైన వాటిలో ఒకటి. ఫరినాతా అనేది శనగపిండి, నీరు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి పొయ్యిలో కాల్చే పలుచని రొట్టె. మన నాలుకకు వెంటనే అలవాటవుతుంది. ఫొకాచ్చా రొట్టె ప్రతి బేకరీలో ఉంటుంది. తులసి జాతి ఆకుతో చేసే పెస్తో పచ్చడి పుట్టిల్లు ఈ ప్రాంతమే, దానిని బంగాళదుంప, బీన్స్ వేసిన పాస్తాతో వడ్డిస్తారు. అయితే పెస్తోలో కలిపే గట్టి చీజ్‌ను దూడ కడుపు నుంచి తీసిన, పాలను గడ్డకట్టించే రెన్నెట్ అనే పదార్థంతో తయారుచేస్తారు, ఖచ్చితమైన శాకాహారులు ఇది తెలుసుకుని నిర్ణయించుకోవాలి. కూరగాయల వంటకమని అనిపించిన దానిలో కూడా ఆంచోవీ చేప ఉండవచ్చు. మొంతెరోస్సో ఆ చేపకే పేరు పొందిన ఊరు.

రెస్టారెంట్లో కూర్చుని తింటే బిల్లులో మనిషికి ఇంత అని కొపెర్తో రుసుము కలుపుతారు, అది మోసం కాదు. సమయం తక్కువ ఉన్నవారు బేకరీలో కొనుక్కుని రేవు దగ్గర తినడమే తెలివైన పని.

కారు లేదా టాక్సీ మాట్లాడుకోవచ్చా?

అవసరం లేదు. గ్రామాల లోపలికి బయటి వాహనాలను అనుమతించరు. ఊరి పైభాగంలో దింపితే అక్కడి నుంచి నడవాలి. రేవు గేటు దగ్గర డ్రైవర్లు చెప్పే ఐదు గ్రామాల టూరులో సగం సమయం మలుపుల కొండరోడ్ల మీదే పోతుంది.

సముద్రస్నానం చేయవచ్చా?

చేయవచ్చు. ఇసుక కావాలంటే మొంతెరోస్సోలోని ఫెజీనా తీరం. అందులో ఎక్కువ భాగం గొడుగులు, కుర్చీలు అద్దెకిచ్చేవారిది, కొంత భాగం ఉచితం. మనరోలాలో రాళ్ల మీది నుంచి నీటిలోకి దిగుతారు, ఈత బాగా వచ్చినవారికే అది తగినది.

పాస్‌పోర్టు, వీసా సంగతి ఏమిటి?

భారత పాస్‌పోర్టు ఉన్నవారికి షెంగెన్ వీసా, అంటే ఇటలీతో సహా చాలా ఐరోపా దేశాలకు చెల్లే ఉమ్మడి వీసా ఉండాలి. ఓడ మార్గంలో టర్కీ, ట్యునీషియా వంటి షెంగెన్ బయటి దేశాలు ఉంటే ఒకటి కంటే ఎక్కువసార్లు ప్రవేశం ఇచ్చే వీసా కావాలి. చాలా ఓడల్లో ప్రయాణికుల పాస్‌పోర్టులను ఓడవారే దగ్గర ఉంచుకుంటారు. అటువంటప్పుడు పాస్‌పోర్టు, వీసా పేజీల నకళ్లు, ఓడ కార్డు వెంట పెట్టుకోండి. ఆ రోజు కార్యక్రమ పత్రంలో ముద్రించే రేవు ఏజెంటు (ఓడ సంస్థ తరఫున రేవులో పనులు చూసేవారు) ఫోన్ నంబరును ఫొటో తీసుకోండి.

వాన పడితే?

లిగూరియాలో వాతావరణ హెచ్చరికలను పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో ప్రకటిస్తారు. నారింజ, ఎరుపు రోజుల్లో కాలిబాటలు మూసేస్తారు, ఆ రోజు గ్రామాల ప్రయాణమే మానుకోవడం మంచిది. మామూలు జల్లైతే రైళ్లు నడుస్తాయి, జనం కూడా తగ్గుతారు.

రైల్వే సమ్మె ఉంటే ఏమి చేయాలి?

ఓడ ప్రయాణికులు ఎక్కువగా పట్టించుకోని ప్రమాదం ఇదే. ఇటలీలో సమ్మెలను చట్టం ప్రకారం ముందుగా ప్రకటించాలి. కనుక ప్రయాణానికి వారం ముందు సమ్మెకు ఇటాలియన్ మాటైన షోపెరో (sciopero)తో ఆ తేదీని కలిపి వెతికితే విషయం తెలిసిపోతుంది. పనిదినాల్లో సమ్మె జరిగినా ఉదయం 6 నుంచి 9 వరకు, సాయంత్రం 6 నుంచి 9 వరకు కనీస సంఖ్యలో ప్రాంతీయ రైళ్లు నడపాలన్న నిబంధన ఉంది. కానీ ఈ వేళలు ఉద్యోగులకు ఉపయోగం, మనకు కాదు. ఉదయం రైలు దొరికి గ్రామం చేరినవారికి, ఓడకు తిరిగి రావలసిన మధ్యాహ్నం మూడు గంటలకు రైలు లేకపోవచ్చు. సమ్మె రోజున గ్రామాలకు వెళ్లకుండా, లా స్పెజియా నుంచి బస్సులో దాదాపు అరగంట దూరంలో ఉన్న పోర్టోవెనెరెకు వెళ్లండి. బస్సులు కూడా సమ్మెలో చేరాయేమో చూసుకోవాలి.

పోర్టోవెనెరె చూడదగినదేనా?

సమ్మె లేని రోజున కూడా చూడదగినదే. 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఐదు గ్రామాలతోపాటు పోర్టోవెనెరెను, దాని ఎదుటి పల్మారియా, తీనో, తినెత్తో దీవులను కూడా కలిపే చేర్చారు. సముద్రంలోకి పొడుచుకువచ్చిన రాతి మీద నలుపు తెలుపు చారల సాన్ పియెత్రో చర్చి, కొండ మీద కోట ఉన్నాయి. రైలు మార్గం లేకపోవడం వల్లే కాబోలు, చింక్వే తెర్రెలో కనిపించే తోపులాట ఇక్కడ అంతగా ఉండదు. రెండోసారి లా స్పెజియాలో ఆగేవారు నేరుగా ఇక్కడికే రావచ్చు.

మా ఓడ లా స్పెజియాకు బదులు దక్షిణాన ఉన్న లివోర్నో రేవులో ఆగుతుంది. అక్కడి నుంచి వెళ్లవచ్చా?

మేము సలహా ఇవ్వము. రేవు నుంచి ఊరిలోకి షటిల్, ఊరి నుంచి దూరంగా ఉన్న స్టేషన్‌కు మరో వాహనం, అక్కడి నుంచి లా స్పెజియాకు గంటకు పైగా రైలు, ఆపై గ్రామాల రైలు. రానూపోనూ లెక్కిస్తే గ్రామంలో మిగిలేది రెండు మూడు గంటలే. లివోర్నో నుంచి పీసాకు రైలులో ఇరవై నిమిషాలు కూడా పట్టదు, ఆ రోజు అటు వెళ్లండి.

ఒకవేళ ఓడ వెళ్లిపోతే?

వెంటనే రేవు ఏజెంటుకు ఫోన్ చేయాలి. కొన్ని సందర్భాల్లో ఓడవారు పాస్‌పోర్టును ఏజెంటు దగ్గర వదిలి వెళతారు. తర్వాతి రేవు రోమ్ నగరానికి రేవైన చివితావెక్కియా అయితే లా స్పెజియా నుంచి అదే తీరపు మార్గంలో రైలులో చేరవచ్చు. మార్సెయ్ లేదా బార్సిలోనా అయితే సుదీర్ఘ రైలు ప్రయాణమో, విమానమో తప్పదు, ఖర్చంతా మీదే. షెంగెన్ బయటి దేశమైతే అక్కడి వీసా నియమాలు కూడా చూసుకోవాలి. ప్రయాణ బీమా కొనేటప్పుడే, సొంతంగా తిరిగి ఓడను అందుకోలేకపోయిన సందర్భానికి అది వర్తిస్తుందో లేదో అడిగి, జవాబును రాతపూర్వకంగా తీసుకోండి.